సావిడి పడగొట్టే ముందు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట. మేము మాట్లాడితే 'మేము' అనే వస్తుంది. ఇరవై ఏళ్లుగా హాస్టల్లో ఉండి 'నేను' అనడం మర్చిపోయాం. మేము అంటే వార్డెన్ ఒక్కరే కాదు. ఇద్దరు వంటమ్మలు, వాచ్‌మన్ అన్న, నూట ఇరవై మంది ఆడపిల్లలు. ఈ మాటలు అందరం రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని అనుకున్నవే.

కార్యదర్శి గారు మాకిచ్చిన అంశం 'కళలు, యువత'. దాని మీద ఏం చెప్పినా మీరు చప్పట్లు కొట్టి భోజనాలకి లేస్తారు. అందుకని అంశం కాస్త మార్చుకున్నాం. పెద్దలు క్షమించాలి. ఈ రోజు మన సావిడి గురించి మాట్లాడతాం. దానికంటే ముందు, ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో పాత కట్టడం గురించి చెప్తాం. దాన్ని ఎలా బాగుచేశారో విన్నాక మన సావిడి సంగతి మీరే ఆలోచిద్దురు గాని.

సావిడి సంగతి అందరికీ తెలిసిందే. గుగ్గిలం దూలాలు, నాటు పెంకు, మట్టి గోడలు, పేడతో అలికిన నేల. వానాకాలంలో ధింసా నేర్పేది అందులోనే. చైత్రంలో ఇటికల పండగ ముందు తుడుములు బిగించేది, మోరి ఊదేవాళ్లు సాధన చేసేది అందులోనే. ఇప్పుడు దాన్ని పడగొట్టి, ఆ జాగాలో స్లాబు వేసి, టైల్స్ పరచి, షట్టరు పెట్టి ఫంక్షన్ హాలు కట్టాలని తీర్మానం రాసి ఉంచారు. వచ్చే నెల సభ్యులు చేతులెత్తాలి. డబ్బు కూడా చాలా వరకు జమైంది. విశాఖలో, హైదరాబాదులో పనులు చేసుకుంటున్న మన పిల్లలు నెలనెలా పంపిన డబ్బు అది. ఆ డబ్బు మీద గాని, పంపిన మనసుల మీద గాని మాకు ఏ అనుమానమూ లేదు. సావిడి కురుస్తోంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవాలంటే చీర అడ్డం పెట్టుకోవాలి. మరుగుదొడ్డి లేదు. ఇవన్నీ నిజాలే.

మూడేళ్ల కిందట మా పిల్లల ధింసా బృందానికి సిమ్లాలో ప్రదర్శన ఇచ్చే అవకాశం వచ్చింది. విశాఖ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి కాల్కా, అక్కణ్నుంచి కొండల మీదికి చిన్న రైలు. మన కిరండోల్ లైను సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పెరిగిన పిల్లలు కదా, అక్కడా లెక్క మొదలెట్టారు. ఆ లైనులో 102 సొరంగాలు. మా వాళ్ల లెక్క తొంభై ఏడు దగ్గర ఆగింది. మిగిలినవి నిద్రలో పోయాయి.

ప్రదర్శన ఆరుబయటే జరిగింది. చలికి తుడుము తోలు సడలిపోతే మంట దగ్గర కాచుకున్నాం. మర్నాడు ఖాళీ. మాల్ రోడ్డు మీద తిరుగుతుంటే రాతి కట్టడం ఒకటి కనబడింది. కోసుగా ఉన్న కమానులు, పాత చర్చిలా ఉంది. గెయిటీ థియేటర్ అన్నారు. టికెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లాం.

దాని కథ కొంచెం చెప్పాలి. 1887 మే నెలలో ఆ థియేటర్ తెరిచారు. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సంవత్సరం అది. నమూనా గీసినది హెన్రీ ఇర్విన్ అనే ఇంజినీరు. సిమ్లాలో వైస్రాయ్ భవనం ఆయనదే, మైసూరు రాజుల ప్యాలెస్ కూడా ఆయన గీసిందే. గెయిటీ అప్పట్లో ఒంటరి కట్టడం కాదు, పెద్ద టౌన్ హాలులో ఒక భాగం. అదే కట్టడంలో నాట్యశాల, ఆయుధాల గది, పోలీసు ఠాణా, మద్యం గది అన్నీ ఉండేవి. వేసవిలో కొండెక్కి పరిపాలన చేసే తెల్ల అధికారులు, వాళ్ల కుటుంబాలు సాయంత్రాలు నాటకాలాడుకునేవారు. వాళ్ల క్లబ్బు పేరు అమెచ్యూర్ డ్రమాటిక్ క్లబ్. రడ్‌యార్డ్ కిప్లింగ్, బేడెన్ పావెల్ లాంటివాళ్లు ఆ వేదిక మీద వేషాలు కట్టారు. బేడెన్ పావెల్ అంటే మన స్కౌట్స్ పిల్లలకి తెలుసు.

ఇదంతా గోడ మీది బోర్డులో ఉంటుంది. బోర్డులో లేని సంగతిని మా తొమ్మిదో తరగతి పిల్ల పట్టుకుంది. "మేడమ్, మనం వచ్చిన రైలు ఎప్పుడు వేశారు?" అనడిగింది. 1903లో అని చెప్పాం. "మరి ఈ రాళ్లు 1887కే ఇక్కడికి ఎలా వచ్చాయి?" అంది. రైలు రావడానికి 16 ఏళ్ల ముందు కట్టిన కట్టడం అది. ఇనుమైనా గాజైనా మైదానం నుంచి ఏం రావాలన్నా ఎడ్లబండ్ల మీద, కంచరగాడిదల మీద, మనుషుల వీపుల మీదే రావాలి. సిమ్లాలో ఈ రోజుకీ వీపుకి తాడు కట్టుకుని మంచాలు, బీరువాలు మోసే కూలీలు కనబడతారు. గీసినవాడి పేరు బోర్డు మీద ఉంది, మోసినవాళ్ల పేర్లు లేవు. పిల్లలు ఆ మాట అనుకుని కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాఫీ గింజల బస్తాలు మోసే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు.

సరే, కట్టడం ఏమైంది? కట్టి పాతికేళ్లు కాకుండానే పై అంతస్తులు ప్రమాదకరంగా ఉన్నాయని తేలింది. 1911 ప్రాంతంలో వాటిని కూల్చేశారు. అంత దర్జాగా కట్టిన టౌన్ హాలులో చాలా భాగం పోయింది. థియేటర్ మాత్రం మిగిలింది. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, నాటకం ఆగలేదు. పృథ్వీరాజ్ కపూర్ లాంటివాళ్లు వచ్చి ఆడారు. సిమ్లా ఊరి కుర్రాళ్లు ఆ వేదిక మీద నేర్చుకుని పెద్ద నటులయ్యారు. ఒకప్పుడు వాళ్ల తాతలు బయట నిలబడి బండ్లు కాపలా కాసి ఉంటారు. ఇప్పుడు తాళం ఆ ఊరివాళ్ల చేతికొచ్చింది.

అయితే వందేళ్ల కట్టడం. కొండ ఊరు, మంచు, చెమ్మ. 2003-04 ప్రాంతంలో హిమాచల్ ప్రభుత్వం దాన్ని బాగుచేయించడం మొదలుపెట్టింది. ఆ పని అప్పగించింది వేద్ సెగన్ అనే ఆర్కిటెక్టుకి. ముంబైలో పృథ్వీ థియేటర్ కట్టింది ఆయనే. గమనించారా, నాటకశాల బాగుచేయడానికి నాటకశాల కట్టిన మనిషిని పిలిచారు. హోటళ్లు కట్టిన మనిషిని పిలవలేదు. పని ఒక ఏడాదిలో, రెండేళ్లలో అవలేదు. 2009 జూన్‌లో మళ్లీ తెర లేచింది. అయిదేళ్లు పైగా పట్టింది.

ఇక్కడ మీ చెవులు కాస్త ఇటివ్వండి. 2009లో మళ్లీ తెరిచినప్పుడు సిమ్లా ఊరికి కూడా మన కోరికలే ఉన్నాయి. ఎక్కువమంది కూర్చునే హాలు కావాలి. బొమ్మల ప్రదర్శనకి జాగా కావాలి. ఆరుబయట ఆడుకునే వేదిక కావాలి. సమావేశాలకి గది కావాలి. అవన్నీ ఇచ్చారు. ఇప్పుడు దాన్ని గెయిటీ సాంస్కృతిక సముదాయం అంటున్నారు. కానీ ఆ కొత్త అవసరాలన్నిటికీ పక్క గదుల్లో, పక్క జాగాలో చోటు చూశారు. పాత థియేటర్ గుండె మాత్రం కదపలేదు. సుమారు 300 మంది పట్టే ఆ హాలు అంతే ఉంది. గుర్రపు లాడం ఆకారంలో బాల్కనీ అలాగే ఉంది. పెద్దది చేయాలనుకుంటే చేయొచ్చు. చేయలేదు.

ఎందుకు చేయలేదో మా పిల్లలే కనిపెట్టారు. గుంపులో అందరికంటే చిన్న గొంతున్న పిల్ల ఒకతె ఉంది. క్లాసులో ప్రశ్న అడిగితే ముందు బెంచీకి కూడా వినబడదు. చూపించే ఆయన్ని బతిమాలి ఆ పిల్లని వేదిక ముందుకి పంపాం. మిగతావాళ్లం బాల్కనీ చివరి వరసకి ఎక్కాం. "నీకు నచ్చింది ఏదో ఒకటి అను" అన్నాం. ఆ పిల్ల వాళ్లమ్మ పేరు చెప్పింది. గట్టిగా కూడా కాదు. పైన మాకందరికీ వినబడింది. మైకు లేదు. లాడం ఆకారం వల్ల ఎవరూ వేదికకి మరీ దూరంగా ఉండరు. చెక్క, గుడ్డ, మనుషులు కలిసి శబ్దాన్ని కొంత మింగి, కొంత వదులుతాయి. మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చి వెనక మాట మీద పడదు. ఆ హాలుని రెండింతలు చేసి, గోడలకి గ్రానైటు అంటించి ఉంటే ఆ పిల్ల గొంతు మధ్యలోనే పోయేది. అప్పుడు మైకులు, పెద్ద స్పీకర్లు కొనాలి. చివరికి మాట బదులు మోత మిగులుతుంది.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. ఇది చెప్పకుండా మిమ్మల్ని ఆపడం న్యాయం కాదు.

సిమ్లా వెళ్లే ముందు సంవత్సరం మా హాస్టల్ ఆవరణలో మట్టి అరుగు ఒకటి ఉండేది. పిల్లలు దాని మీదే ధింసా సాధన చేసేవారు. ఒక దాత కొంత సొమ్మిస్తే దాన్ని అందంగా చేద్దామనుకున్నాం. మెరిసే టైల్స్ పరిపించాం. నిర్ణయం మాదే, రంగు ఎంచింది కూడా మేమే. నీలం. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నాం. నాలుగు రోజులు ఎంత బాగుందో! అయిదో రోజు సన్నని జల్లు పడింది. పిల్లలు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా ఆడుతున్నారు. మీకు తెలుసు, ఆ వరస విడిపోకూడదు. మలుపు దగ్గర వేగం పెరిగింది. చివరి పిల్ల కాలు జారింది. చేతులు పెనవేసి ఉన్నాయి కదా, ఒక్కతే పడలేదు, పదకొండు మందీ పడ్డారు. ఒక పిల్లకి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పరీక్ష ఎడమచేత్తో రాయాల్సి వచ్చింది.

దెబ్బ సంగతి ఒకటి. ఇంకో సంగతి మాకు నేర్పిన అవ్వ చెప్పింది. ఆవిడ ఇక్కడే ముందు వరసలో ఉంది, పేరు చెప్తే కోప్పడుతుంది. ఆవిడ టైల్స్ మీద రెండడుగులు వేసి ఆగిపోయి, "నేల పలకట్లేదే" అంది. మాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మట్టి నేల మీద ఇరవై కాళ్లు ఒక్కసారి పడితే అడుగున ఒక బరువైన చప్పుడు వస్తుంది. తుడుము ఆ చప్పుడుని పట్టుకుని నడుస్తుంది. టైల్స్ మీద గజ్జెల గలగల మాత్రమే మిగిలింది. పక్క గోడకీ నేలకీ మధ్య తుడుము దెబ్బ నాలుగుసార్లు తిరిగొచ్చి, ఏది మన దెబ్బో ఏది గోడ దెబ్బో తెలియకుండా పోయింది. కిరిడి వాయించే తాత లయ తప్పుతున్నాడని మేమే ఆయన మీద విసుక్కున్నాం. తప్పు ఆయనది కాదు.

చేయి విరిగిన పిల్లే సిమ్లాలో అడిగింది, "మేడమ్, వీళ్ల వేదిక చెక్కది కదా, కింద బోలుగా ఉంటుందా?" అని. నాటకశాల వేదికలు సామాన్యంగా అలాగే ఉంటాయి. చెక్క కాస్త వంగుతుంది, కాలిని కాపాడుతుంది, చప్పుడుని పలికిస్తుంది. పెద్దపెద్ద ఊళ్లలో నాట్యం చేసేవాళ్లకి చెక్క నేల ఎందుకు వేస్తారో, మన అవ్వలు మట్టి నేలని పేడతో ఎందుకు అలుకుతారో, రెండిటికీ కారణం చాలా దగ్గర. బీఈడీలో మేము ధ్వని పాఠం చదువుకున్నాం, పిల్లలకి చెప్పాం, మార్కులు వేశాం. మా సొంత అరుగు దగ్గర మాత్రం ఆ పాఠం గుర్తుకు రాలేదు.

మొన్న సెలవుల్లో ఆ టైల్స్ తీయించేశాం. తీయడానికి వేసినదాని కంటే ఎక్కువ కష్టమైంది. దాతకి ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకున్నాం.

ముంబైలో రాయల్ ఒపేరా హౌస్ అని ఇంకొకటి ఉంది. అది మేము చూడలేదు, చదువుకున్నాం. 1911లో ఐదవ జార్జి రాజు ప్రారంభించాడు, అప్పటికి ఇంకా పని పూర్తి కాలేదు. సంగీత నాటకాల కోసం కట్టారు. బాల గంధర్వ లాంటి మరాఠీ రంగస్థల మహామహులు అక్కడ పాడారు. తర్వాత సినిమాలకి డబ్బు ఎక్కువ వస్తుందని 1935 తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చారు. ఆ రోజుకి అది తెలివైన పనే, కాదనలేం. టీవీలు, వీడియోలు వచ్చాక జనం తగ్గారు. 1993లో తాళం పడింది. తాళం 23 ఏళ్లు ఉంది. నీళ్లు దిగాయి, చెక్క కుళ్లింది. దాన్ని బాగుచేసిన ఆభా నారాయణ్ లాంబా బృందం పాత ఫొటోలు వెతికి, వేసిన రంగుల పొరలు ఒక్కొక్కటే గీకి చూసుకుంటూ పాత రూపానికి దగ్గరగా తీసుకొచ్చింది. 2016 అక్టోబరులో తెరిచారు. మర్నాటి ఏడాది యునెస్కో అవార్డు కూడా వచ్చింది. చాలా బాగుంది. కానీ మా పిల్లలు రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక మాటన్నారు. గెయిటీలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆడుతూనే ఉన్నారు, దాన్ని బాగుచేయడానికి అయిదారేళ్లు చాలింది. ముంబైలో జనం రావడం మానేశారు, కట్టడం తన కాళ్ల మీద నిలబడలేకపోయింది. పెంకులు మార్చడంతో మరమ్మతు అయిపోదు. వారానికొకసారైనా తలుపు తీసేవాళ్లు ఉండాలి.

అన్నట్టు, మరమ్మతు అన్నారు కాబట్టి ఇంకో హెచ్చరిక. ఇటలీలో వెనిస్ అనే ఊళ్లో లా ఫెనీచే అనే పేరుపొందిన సంగీతశాల 1996 జనవరిలో కాలి బూడిదైంది. ఎప్పుడు కాలింది? మరమ్మతు జరుగుతుండగా. పని ఆలస్యమైతే జరిమానా పడుతుందని భయపడి ఇద్దరు కరెంటు పనివాళ్లే నిప్పుపెట్టారని కోర్టు తేల్చింది. నీళ్ల మీద ఉన్న ఊరే, అయినా పక్క కాలువని శుభ్రం చేయడానికి ఎండగట్టి ఉంచారట, మంటలార్పే పడవలు దగ్గరికి రాలేకపోయాయి. మళ్లీ కట్టి తెరిచేసరికి 2003 డిసెంబరు. పని ఎవరికిచ్చాం, ఎంత తొందరపెట్టాం, రాత్రిపూట ఎవరు కాపలా ఉన్నారు అన్నవి కూడా మరమ్మతులో భాగమే. మన సావిడిలో ఊలు దారంలా వేలాడుతున్న కరెంటు వైర్లు చూస్తే మాకు ఇదే గుర్తొస్తుంది. చెక్క దూలం, ఎండిన వెదురు, అతుకుల వైరు. పడగొట్టినా, ఉంచినా ఆ వైర్లు మాత్రం ఈ వారమే మార్చాలి. దానికి తీర్మానం అక్కర్లేదు.

ఈ మాటలు నిన్న సాయంత్రం సంఘం ఆఫీసులో కొంచెం చెప్తే మన తమ్ముడొకడు నవ్వుతూనే గట్టిగా అన్నాడు. "మేడమ్, మీరు క్వార్టర్స్‌లో స్లాబు కింద పడుకుని మాకు పెంకుటింటి గొప్పలు చెప్తున్నారు" అని. నిజమే తమ్ముడూ. స్లాబు కిందే పడుకుంటున్నాం. వానలో గిన్నెలు పెట్టుకునే ఇంట్లో పుట్టాం, మళ్లీ ఆ ఇంటికి వెళ్లమంటే వెళ్లం. పాతదంతా మంచిదని మేము అనట్లేదు. బయటివాళ్లు వచ్చి ఫొటోలు తీసుకోవడానికి మన వాళ్లు చీకట్లో ఉండాలని అసలే అనట్లేదు. మనకి ఫంక్షన్ హాలు కావాలి. పెళ్లికి మైదానం ఊరు పోయి అద్దె కట్టడం ఆగాలి. వచ్చే అద్దెతో సంఘం నడవాలి. ఈ లెక్కంతా మాకూ నచ్చింది.

మా అభ్యంతరం ఒక్క జాగా గురించే. సావిడికి తూర్పున, పాత బోరు పక్కన సంఘం స్థలం ఖాళీగా ఉంది. తుప్పలు, విరిగిన బండి చక్రాలు తప్ప అక్కడేం లేవు. హాలు అక్కడ కట్టుకోవచ్చు. మరుగుదొడ్లు, ఆడపిల్లలు తయారయ్యే గది, సామాన్ల గది అన్నీ దాంట్లోకి వస్తాయి. సావిడి సావిడిగా ఉంటుంది. సిమ్లావాళ్లు చేసింది ఇదే కదా. "రెండు పనులకి డబ్బు చాలదు" అంటారు. మేము కాగితం మీద వేసుకుని చూశాం. సావిడి మరమ్మతులో ఎక్కువ ఖర్చు కూలిదే, సామాను ఖర్చు తక్కువ. ఆ కూలి మన ఊళ్లోనే ఉంటుంది. స్లాబు పనికి సెంట్రింగువాళ్లు, సిమెంటు, ఇనుము అన్నీ కింది నుంచి రావాలి.

మరమ్మతు అంటే ఏం చేయాలో కూడా చెప్తాం, ఎందుకంటే 'బాగుచేద్దాం' అని ఊరికే అనడం సుళువు. వాన నీరు దిగి గోడలో ఉన్న దూలం కొస కుళ్లింది. దూలమంతా తీసేయక్కర్లేదు. కుళ్లిన మేర కోసి, మంచి కర్ర అతికి, ఇనుప పట్టీ వేస్తే చాలని వడ్రంగి బావ చూసి చెప్పాడు. చెదలు పట్టిన వాసాలు మార్చాలి. గోడలకి సిమెంటు పూత వద్దు. మట్టి గోడ చెమ్మ పీల్చుకుంటుంది, వదులుతుంది. పైన సిమెంటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, రెండు వానలకి పూత పెచ్చులూడి, గోడని కూడా వెంట తీసుకుపోతుంది. ఉత్తరం గోడకి అయిదేళ్ల కిందట వేసిన పూత ఎలా ఊడిందో వెళ్లి చూడండి. పాత రాతి, ఇటుక కట్టడాలు బాగుచేసేవాళ్లు కూడా సున్నం వైపే మొగ్గుతారు, కారణం ఇదే. ఇక పెంకు. నాటు పెంకు పేర్చడం వచ్చినవాళ్లు మన ఊళ్లో ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఒకాయనకి నిచ్చెన ఎక్కే శక్తి లేదు, కింద కూర్చుని చెప్పగలడు. పైకెక్కే కాళ్లు మీవి కావాలి. ఈ వేసవి దాటితే చెప్పేవాళ్లు ఉంటారో లేదో.

చివరగా స్తంభం సంగతి. ఇది చాలామందికి తెలియదు, మాకూ మొన్నటి దాకా తెలియదు.

సావిడిలోకి వెళ్లగానే ఎడమవైపు మూడో స్తంభం మీద, మోకాలి ఎత్తు నుంచి ఛాతీ దాకా, కత్తితో పెట్టిన గంట్లు ఉంటాయి. చిన్నచిన్నవి, గుంపులు గుంపులుగా. పిల్లలు ఎప్పుడో గీకారనుకునేవాళ్లం. మొన్న పెంకు తాతని తీసుకెళ్లి దూలాలు చూపిస్తుంటే ఆయన ఆ స్తంభం దగ్గర కూర్చుండిపోయాడు. అది లెక్క అన్నాడు. సావిడి కట్టినప్పుడు రోడ్డు లేదు. అడవి నుంచి కర్ర, గెడ్డ అవతల నుంచి మట్టి, సంత దారిన పెంకు అంతా మోసిందే. ఏ ఇంటి మనిషి ఎన్ని రోజులు మోశాడో రాయడానికి రాత వచ్చినవాళ్లు లేరు. రోజుకో గంటు. ఒక్కో గుంపు ఒక్కో ఇల్లు. తాత వేలు పెట్టి చూపించాడు. ఇది మా అయ్య, ఇది దిసారి ఇల్లు, ఇది మీ అమ్మమ్మ, మగదిక్కు లేకపోతే తనే మోసింది అని.

మా అమ్మమ్మవి పద్నాలుగు గంట్లు.

గెయిటీ దగ్గర మా పిల్లలు వెతికి దొరక్క వదిలేసిన సంగతి ఇక్కడ మన స్తంభం మీద ఉంది. తాత అన్ని గుంపులకీ ఇళ్లు చెప్పలేకపోయాడు. సగం దాకా చెప్పి, తక్కినవి గుర్తులేవన్నాడు. తక్కినవి చెప్పగలిగినవాళ్లు ఈ ముందు వరసలో ఇద్దరో ముగ్గురో ఉండొచ్చు.

కాబట్టి సంఘానికి మా హాస్టల్ తరఫున మనవి ఇది. వచ్చే నెల ఓటుని రెండు నెలలు వాయిదా వేయండి. అంతకంటే అడగట్లేదు. ఆ రెండు నెలల్లో సావిడిని కొలుద్దాం, ఫొటోలు తీద్దాం, వడ్రంగి బావ చేత, ఒక ఇంజినీరు చేత లెక్క వేయిద్దాం, తూర్పు జాగాకి కూడా లెక్క వేయిద్దాం. రెండు కాగితాలూ చదివాక పడగొట్టాలనే అనిపిస్తే చేతులెత్తండి, మేము అడ్డం పడం. అప్పుడు ఆ స్తంభం మాత్రం కోయకుండా విప్పి ఇవ్వండి, హాస్టల్ వరండాలో నిలబెట్టుకుంటాం.

ఈ ఆదివారం ఉదయం ఏడింటికి మా పెద్ద తరగతుల పిల్లలు టేపు, నోటుబుక్కులు పట్టుకుని సావిడి దగ్గర ఉంటారు. నిచ్చెనలు రెండు కావాలి, మా దగ్గర ఒకటే ఉంది. మంచి కెమెరా ఉన్న ఫోన్లు కావాలి, అవి మీ దగ్గరే ఉన్నాయని ఇందాకటి నుంచి చూస్తున్నాం. అవ్వల్ని, తాతల్ని నడిపించుకుని, లేదా బండి మీద ఎక్కించుకుని తీసుకురండి. వాళ్లకి టీ, ఉప్మా మా వంటమ్మలు చూసుకుంటారు. ఈలోగా ఎవరైనా పండగకని స్తంభాలకి రంగు వేయాలనుకుంటే దయచేసి ఆ మూడోదాన్ని వదిలేయండి.

వెనక నుంచి వంటమ్మ సైగ చేస్తోంది, అన్నం చల్లారిపోతోందని. సెలవు. నమస్కారం.